పక్కన కూర్చున్న మామ్మగారికి వందనాలు

పోయిన ఆదివారం నరసాపురంలో ఆరాధనకు వచ్చిన మామ్మగారూ, మీ పేరైనా అడగలేదు. వాక్యం చెబుతుంటే నేను ఫోన్ చూసుకుంటున్నాను. మీరు కోప్పడలేదు. మీ బైబిల్ నా వైపు జరిపి, మత్తయి 5వ అధ్యాయం 23, 24 వచనాల మీద వేలు పెట్టారు. అర్పణ బలిపీఠం దగ్గరే విడిచిపెట్టి, ముందు సహోదరుడితో సమాధానపడమని యేసు చెప్పిన మాట. చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు విన్నానో! అయినా చేను గట్టు తగాదాతో అన్నయ్యతో నాలుగేళ్లుగా మాటల్లేవు.

బయటికొస్తుంటే "విని ఊరుకోకు నాయనా" అన్నారు.

ఆ మధ్యాహ్నమే పాలకొల్లు బస్సెక్కాను. గుమ్మం ముందు కాళ్లు వణికాయి. వదిన మంచినీళ్లిచ్చింది. అన్నయ్య చాలాసేపు తల దించుకుని కూర్చుని, "అన్నం తిన్నావా?" అన్నాడు.

ఇద్దరం కలిసే తిన్నాం మామ్మగారూ. మీకు చేతులెత్తి వందనాలు.