ఆఖరి పడవ వెళ్ళిపోయాక

నరసాపురం
డిసెంబరు 28, రాత్రి

ఒరేయ్ బావా,

ముందు తిట్టేయ్, తర్వాత చదువు. దసరాకి రాయాల్సిన ఉత్తరం క్రిస్మస్ దాటాక రాస్తున్నాను. నాకు తాబేలు అని ఊరికే పేరు పెట్టావా మరి. మీ తమ్ముడు ఇవాళ రాత్రి బస్సుకి హైదరాబాదు వెళ్ళి, రేపు కువైట్ ఫ్లైట్ ఎక్కుతున్నాడు కదా, ఆత్రేయపురం పూతరేకుల డబ్బాతో పాటు ఇది కూడా వాడి చేతికిస్తున్నాను. డబ్బా సగం ఖాళీగా వస్తే నా పూచీ లేదు.

ఇంటి కబుర్లు గబగబా. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. పెద్దోడు పదో తరగతి, పుస్తకం తప్ప అన్నీ చదువుతున్నాడు. సార్వా కోసేశాం, ధాన్యం కళ్ళంలో ఉండగా రెండు రోజులు ముసురు పట్టి టెన్షన్ పెట్టింది గానీ గింజ దక్కింది. మీ పెరట్లో కొబ్బరిచెట్టు ఇంకా పక్కింటాయన మీద పడలేదు, నీ మొక్కు తీరేలా లేదు. అయిపోయాయి కబుర్లు.

అసలు సంగతి వేరే ఉంది. వారం నుంచి కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను, ఇక్కడ ఎవరికి చెప్పినా "ఊఁ" అని వెళ్ళిపోతున్నారు. ఫోన్లో చెప్పబోతే నీ వెనకాల ఆ క్యాంటీన్ గోల. పోయినేడు నువ్వు అడిగావు గుర్తుందా? "మా కృష్ణుడు దిగొచ్చాడు, మీ యేసు కూడా దిగొచ్చాడంటావు, ఇంక తేడా ఏంట్రా?" అని. తర్వాత చెప్తానన్నాను. అప్పుడు తెలియక దాటేశానన్నది నీకూ తెలుసు.

ఈసారి మా అయ్యగారికి గొంతు పోయింది. క్రిస్మస్ ఉదయం ఆరాధనలో పది నిమిషాల వాక్యం నన్ను చెప్పమన్నారు. నా సంగతి తెలుసుగా, మైకు దొరికితే వదలను. నెల ముందునుంచి కాగితాలు రాసుకున్నాను. 325లో నికయ సభ, 451లో కల్కెదోను సభ (యేసు ఎవరో తేల్చడానికి సంఘ పెద్దలు కూర్చున్న సభలు), "పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి, రెండూ కలగాపులగం కాలేదు, విడిపోనూ లేదు", ఇలా ఏడు పేజీలు. మన లెక్కల మాస్టారు చూస్తే "ఒరేయ్, జవాబు ఏదిరా" అనుండేవాడు.

ఇరవయ్యో తారీకు రాత్రి క్యారల్స్‌కి అవతలి లంకకి వెళ్ళాం. పద్నాలుగు మందిమి. డోలక్కు, కంజిరా, కర్రకి కట్టిన నక్షత్రం, దాని బ్యాటరీ. క్రిస్మస్ తాత వేషం ఎవరు వేశారో నువ్వే ఊహించుకో. అవును, వాడే, ఏలూరు కాలవలో చెప్పు పోగొట్టుకున్నవాడు. ఎర్ర కోటు, దూది గడ్డం, ప్లాస్టిక్ మాస్కు. మాస్కు లోపల చెమట పోసి ఇంటింటికీ "నీళ్ళు, నీళ్ళు" అంటూనే ఉన్నాడు.

క్యారల్స్ ఎలా జరుగుతాయో నీకు తెలుసు, చిన్నప్పుడు కేకు ముక్క కోసం మాతో వచ్చేవాడివి కదా. వాకిట్లో నిలబడతాం, రెండు పాటలు, ఒక ప్రార్థన, తాత చాక్లెట్లు పంచుతాడు, వాళ్ళు కానుక కవర్లో పెడతారు, "వందనాలండీ" అనేసి పక్కింటికి. ఇంటికి పది నిమిషాలు. గుమ్మం లోపలికి వెళ్ళం. వెళితే ముప్ఫై ఇళ్ళు ఎప్పటికి అవుతాయి?

చివరి ఇల్లు అయ్యేసరికి పదకొండు దాటింది. మంచు దిగిపోయింది. మొదటి ట్రిప్పులో ఆడవాళ్ళనీ పిల్లల్నీ పంపించాం. మేం నలుగురం రేవులో నిలబడ్డాం. ఇంజను చప్పుడు దూరమైంది. ఇంక తిరిగి రాలేదు. కాసేపటికి సరంగు ఫోన్ చేశాడు: "ఏం కనపడట్లేదండీ బాబూ, ఇందాకే ఇసకమేట మీద ఎక్కించేసేవాణ్ణి, పొద్దున్నే వస్తాను." అంతే. తాత, డోలక్ కుర్రాడు, సంఘ పెద్ద ఒకాయన, నేను. కానుకల సంచి, ఆరిపోయిన నక్షత్రం. నవ్వకు.

చివరి ఇంటికే మళ్ళీ వెళ్ళాం. అక్కడ ఉండేది ఒక మామ్మగారు, మంచం పట్టిన తాతయ్యగారు. ఆయనకి పక్షవాతం వచ్చి మూడేళ్ళు. అంతకు ముందు ప్రతి ఆదివారం పడవెక్కి గుడికి వచ్చేవారట, వెనక బెంచీలో కూర్చునేవారట. నాకు ముఖం గుర్తు రాలేదు, చూడు. మామ్మగారు తలుపు తీసి ఒక్క క్షణం చూసి, "మళ్ళీ పాడతారా?" అంది.

ఇంట్లో ఉన్నది ఒకే గది, అందులో ఆయన మంచం. మాకు పశువుల పాకలో వరిగడ్డి పరిచి, మీద గోనెసంచులు వేసి ఇచ్చింది. తాత వేషం వాడు వెంటనే, యేసు పుట్టిన రాత్రిలాగే "సత్రంలో స్థలం లేదన్నమాట" అన్నాడు. అందరం పగలబడి నవ్వాం. ఆ నవ్వు పది నిమిషాలే.

బావా, ఎప్పుడైనా పశువుల పాకలో పడుకున్నావా? మన గుడిలో ఏటా కట్టే పాక గుర్తుందిగా, కొత్త గడ్డి, సీరియల్ లైట్లు, గులాబీ బుగ్గల బొమ్మ. ఇటలీలో గ్రెచ్చో అనే ఊళ్ళో 1223లో ఫ్రాన్సిస్ అనే సన్యాసి క్రిస్మస్ రాత్రి నిజం ఎద్దునీ గాడిదనీ తెచ్చి నిలబెట్టాడట, జనం కళ్ళారా చూడాలని. ఆయన పశువుల్ని మనం ప్లాస్టర్‌తో చేసుకున్నాం. ఇక్కడ నా తలకి మూరెడు దూరంలో గేదె. అది రాత్రంతా నెమరేస్తూనే ఉంది. పిడకల పొగ పెట్టినా దోమలు పోలేదు. రెండింటికి నిద్ర పట్టక లేచి ఫోన్ లైటు వేశాను. ఎదురుగా తొట్టి.

చిన్నప్పట్నుంచి "పశువుల తొట్టిలో పరుండబెట్టెను" అని చదువుతున్నాను కదా, "తొట్టి" అనగానే నా బుర్రకి పసిపిల్లల ఉయ్యాల తొట్టే వచ్చేది. చుట్టూ పూలదండ, పైన చిలకలు. నలభై ఐదేళ్ళ వయసులో మొదటిసారి అసలు తొట్టి చూశాను. సిమెంటుది. గేదె నాకీ నాకీ ఒక పక్క అంచు అరిగిపోయి నున్నగా అయింది. అడుగున నానిన తౌడు, పులిసిన కుడితి వాసన, రెండు జనుము కాడలు, ఒక బొద్దింక. నేను చూస్తుండగానే గేదె మూతి పెట్టింది, చొంగ అంచు మీద తీగలా సాగింది. బెత్లెహేములో అది రాతిదో మట్టిదో, వాసన మాత్రం వేరేగా ఉండదు కదా. పసివాడు యేసుని అక్కడ పెట్టారు. వేరే చోటు లేక. ఆయనంతట ఆయన పక్కకి దొర్లలేడు. ఈగని తోలుకోలేడు. ఎవరో గుడ్డ మార్చాలి.

నా ఏడు పేజీల్లో ఇది లేదురా.

పొద్దున మంచు ఇంకా విడవలేదు. మామ్మగారు టీ ఇస్తూ మాటల్లో అంది: "వరదప్పుడు మీరొచ్చారు బాబూ, నాకు గుర్తే." 2022 జూలైలో, ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, మా యూత్‌తో పడవలో పులిహోర పొట్లాలు పంచాం. ఫోటో నీకు కూడా పంపాను, నువ్వు "హీరో" అని పెట్టావు. "మీరు పడవలోంచే ఇచ్చారు. పొట్లం ఒకటి నీళ్ళలో పడిపోయింది. ఈయన మంచాన్ని బల్లల మీద పెట్టుకుని కూర్చున్నాం. ఒక్కళ్ళు లోపలికి దిగి చూస్తారేమో అనుకున్నాం" అంది. నిష్ఠూరం లేదు రా ఆ గొంతులో. ఆవిడ పాటికి ఆవిడ పంచదార కలుపుతోంది. ఆ పొట్లం విసిరింది నేనే. చేతిలోంచి జారింది అని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను.

ఎక్కడున్నాను... ఆఁ, గడ్డం. లోపలికి వెళ్ళి తాతయ్యగారి పక్కన కూర్చున్నాను. ముఖమంతా తెల్లగడ్డం మాసిపోయి, అన్నం మెతుకు ఒకటి ఎండి అంటుకుని ఉంది. మామ్మగారి చేతులు వణుకుతాయి, గీయలేదు. ఒకప్పుడు వచ్చే మంగలి ఊరు వదిలేశాడట. "నేను గీస్తానండీ" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నీ చెవి సంగతి తెలిసి కూడా అన్నాను. హాస్టల్లో నువ్వు పెట్టిన కేకలు ఇంకా వినబడతాయి నాకు.

స్టీలు గ్లాసులో వేడినీళ్ళు, పాత సబ్బుముక్క, దూలంలో దాచిన రేజరు. పడిపోయిన వైపు చెంప జారి ఉంటుంది, చర్మాన్ని వేలితో పైకి లాగి పట్టుకుని గీయాలి. మొదటి గీతకే నా చెయ్యి వణికింది. ఆయన మాట్లాడలేరు గానీ కళ్ళతో చూస్తూనే ఉన్నారు. ఆ సిగ్గు ఏదో నేను చెప్పలేను బావా. ఒక మగాడు ఇంకో మగాడికి ముఖం అప్పగించి పడుకోవడం. గడ్డం కింద గీస్తున్నప్పుడు గుటక వేశారు, గొంతుముడి నా వేళ్ళ కింద కదిలింది. అరగంట పట్టింది. ఒక్కచోట గాటు పడింది, పటిక లేదు, పంచదార అద్దాం. అయ్యాక ఆయన బాగున్న చేత్తో చెంప తడుముకుని, నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. అటు పడవ వచ్చి హారన్ కొడుతోంది.

ఇప్పుడు నీ ప్రశ్న. మీ కృష్ణుణ్ణి తక్కువ చేయట్లేదు, మళ్ళీ మీ అమ్మగారికి చెప్పకు. కానీ మీ కథలో ఆయన పని ముగించుకుని అవతారం చాలించాడంటారు కదా, మళ్ళీ ఇంకోటి ఎత్తుతాడంటారు. మాది ఒక్కసారే. వచ్చాడు, ఆ శరీరం మళ్ళీ విప్పి పారేయలేదు. చచ్చి లేచాక కూడా గాయాలు అలాగే ఉన్నాయి, నమ్మని శిష్యుడు తోమాని చూడమన్నాడు. లేచాక శిష్యుల ముందు కాల్చిన చేపముక్క తిన్నాడని లూకా తన సువార్తలో రాశాడు. చేప రా బావా! గోదావరోళ్ళకి ఇంతకన్నా ఏం చెప్పాలి. ఆ తొలి రోజుల్లోనే కొందరు "అబ్బే, శరీరం ఉన్నట్టు కనిపించిందంతే" అన్నారట. అంటే మన తాత వేషం లాంటిదన్నమాట, మాస్కు తీస్తే లోపల వేరేవాడు. అది కాదు, ఆయన నిజంగానే మనిషి అని కల్కెదోను సభ గట్టిగా చెప్పింది. ఏడు పేజీల్లో పనికొచ్చింది ఆ ఒక్కటే.

"ఆ వాక్యము శరీరధారియై... మనమధ్య నివసించెను" అంటాడు యోహాను తన సువార్తలో. ఆ "నివసించెను" దగ్గర గ్రీకు మాటకి గుడారం వేసుకున్నాడని అర్థం. నేను దాన్ని ఎప్పుడూ క్యారల్స్ లాగా చదివాను, వాకిట్లోకి వచ్చాడు, పాడాడు, వెళ్ళాడు. ఆఖరి పడవ వెళ్ళిపోయాక కూడా ఆ లంకలోనే ఉండిపోవడం అని ఇప్పుడు అనిపిస్తోంది. మన ఊరికి బౌడెన్, బీర్ అని ఇద్దరు 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చారు చూడు, వాళ్ళ మిషను గురించి గొప్పగా చెప్పుకుంటాం. వాళ్ళు పడవలోంచి పొట్లాలు విసిరి వెళ్ళుంటే ఇవాళ మన రేవుకి ఇవతల ఇన్ని గుళ్ళు... సరే, అది ఇంకో ఉత్తరం.

క్రిస్మస్ ఉదయం కాగితాలు జేబులోనే ఉంచి తొట్టి గురించి చెప్పాను. పొట్లం గురించి కూడా చెప్పాను, అది చెప్పేటప్పుడు గొంతు పట్టేసింది. ఆరాధన అయ్యాక ఒక పెద్దమనిషి నన్ను పక్కకి పిలిచి "పండగ పూట పేడ గురించి ఎందుకండీ, పట్టుచీరలు కట్టుకుని వచ్చారు ఆడవాళ్ళు" అన్నాడు. డోలక్ కుర్రాడు మాత్రం ఏమీ అనకుండా వచ్చి "శనివారం ఖాళీయేనండీ నాకు" అన్నాడు.

ఎందుకంటే పడవెక్కేముందు మామ్మగారు "మళ్ళీ ఎప్పుడొస్తారు బాబూ" అంది. నోటికొచ్చినట్టు "వచ్చే క్రిస్మస్‌కి" అనేశాను. ఆవిడ నవ్వింది. "అప్పటికి ఈయన గడ్డం గోదాట్లో కలుస్తుంది" అంది. దాంతో నేను శనివారం అన్నాను. మొన్న ఒక శనివారం అయింది. ఈసారి గాటు పడలేదు. ప్రతి శనివారం వెళ్ళగలనో లేదో నాకే నమ్మకం లేదు, నా సంగతి నీకు తెలుసు, తాబేలు కూడా మధ్యలో కునుకేస్తుంది. సంక్రాంతి వస్తోంది, మిల్లులో పని పెరుగుతుంది, మా ఆవిడ ఇప్పటికే

మీ తమ్ముడు బయట బండి హారన్ మోగించేస్తున్నాడు, బస్సు టైమైందట. నువ్వు వచ్చేటప్పుడు అక్కణ్ణించి మంచి రేజరు ఒకటి పట్రా, గడ్డం గట్టిది ఆయనది. బ్లేళ్ళు ఎక్కువ తెచ్చుకో, ఇక్కడ

నీ తాబేలు