ధాన్యం రేట్ల పక్కన డైరెక్టర్ల షేర్ల లెక్క కూడా రెండు లైన్లు వేయండి

సంపాదకులకు,

మా వీధి చివర కిరాణం సేటు రెండేళ్ల కింద ఒక పని చేశాడు. ఊళ్లోకి సూపర్ మార్కెట్ వచ్చాక ఆయన గిరాకీ సగానికి పడిపోయింది. నగదు చేతిలో ఉంటే అందరూ అక్కడికి, ఉద్దెర కావాలంటే ఈయన దగ్గరికి. "గిరాకీ ఎట్లాగూ వాళ్లకే పోతుంది, లాభంలో మనకూ ఇంత రానీ" అని ఆ కంపెనీ షేర్లే కొన్నాడు. ఆయన మాట విని నేనూ కొన్నాను. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ముప్పై ఏళ్లుగా లెక్కలు రాస్తున్నవాణ్ని, ఒకరి మాట మీద డబ్బు పెట్టకూడదని తెలియక కాదు.

పోయిన ఎండాకాలం ఆ స్టోర్‌లో కందిపప్పు అరలో పేపర్ ప్లేట్ల కట్టలు కనిపించాయి. అవి కూడా ముందు వరుసలోనే. చేయి పెట్టి చూస్తే వెనక ఖాళీ. బిల్లింగ్ దగ్గర పిల్లవాణ్ని అడిగితే "లోడ్ రాలేదు సార్, రేపు వస్తది" అన్నాడు. ఆ రేపు రెండు నెలలు సాగింది. తర్వాత కంపెనీ లాభనష్టాల ఫలితాలు వచ్చాయి, షేరు కూలింది. సరుకు ఇచ్చినవాళ్లకు బాకీలు పేరుకుపోయాయట. అప్పుడు మా అల్లుడు ఫోన్‌లో స్టాక్ ఎక్స్ఛేంజ్ సైట్ తీసి చూపించాడు. అంతకు ముందు త్రైమాసికంలోనే ఒక డైరెక్టరు, ఆయన భార్య తమ వాటాలో కొంత మార్కెట్‌లో అమ్మేశారు. తేదీ, ఎన్ని షేర్లు, అమ్మకముందు ఎంత వాటా, అమ్మాక ఎంత, అన్నీ ఉన్నాయి. సేటు చాలాసేపు ఆ పట్టికనే చూసి, "ఇది ఎప్పటినుంచి ఇక్కడ ఉంది?" అని మాత్రం అడిగాడు.

అది నేరమని నేను అనడం లేదు. అనడానికి నా దగ్గర ఆధారం లేదు. హోటల్ దగ్గర మాత్రం 'ఇన్‌సైడర్ ట్రేడింగ్', అంటే కంపెనీ లోపలివాళ్లు దాని షేర్లు కొనడం, అమ్మడం, అనగానే జైలు కేసే అన్నట్టు మాట్లాడుతున్నారు. షేర్ మార్కెట్‌ను అదుపు చేసే సంస్థ సెబీ 2015 నిబంధనలు చెప్పేది వేరు. ప్రమోటర్లు, అంటే కంపెనీని చేతిలో పెట్టుకున్న యజమానులు, డైరెక్టర్లు తమ కంపెనీ షేర్లు కొనొచ్చు, అమ్మొచ్చు. త్రైమాసికం ముగిసిన నాటి నుంచి ఫలితాలు ప్రకటించాక 48 గంటలు గడిచేదాకా మాత్రం వాటి జోలికి పోకూడదు. కొన్నవి ఆరు నెలల్లోపు తిప్పి అమ్మకూడదు. ఒక త్రైమాసికంలో లావాదేవీ 10 లక్షలు దాటితే వెల్లడించాలి. ధరను కదిలించే సంగతి బయటపెట్టకుండా, దాన్ని మనసులో పెట్టుకుని కొన్నా అమ్మినా తప్పే. దానికి జరిమానా కనీసం 10 లక్షలు. ఎక్కువలో ఎక్కువ 25 కోట్లు, లేదా వచ్చిన లాభానికి మూడింతలు, ఏది ఎక్కువైతే అది.

మా జిల్లావాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఢిల్లీలో బత్తాయి రేటు లేచిందని రాత్రి ఫోన్ అందుకున్న వ్యాపారి తెల్లారకముందే తోటకు వచ్చి పాత రేటుకు బేరం కుదుర్చుకుంటాడు. రైతు తిట్టుకుంటాడు గానీ కేసు పెట్టలేడు, ఆ వ్యాపారి రైతు దగ్గర పనిచేసేవాడు కాదు. నా సంగతి వేరు. రేపు మా ఓనరు ధాన్యం రేటు పెంచబోతున్నాడని పుస్తకం రాసే నాకు తెలుసు. ఈ సాయంత్రమే రైతుల దగ్గర నా పేరున కొని రేపు మిల్లుకే అమ్మితే, ఎల్లుండికి నా కుర్చీ ఉండదు. డైరెక్టరు కూడా మా డబ్బుకు గుమాస్తానే. కుర్చీ పెద్దది, అంతే.

బిగ్ బజార్ నడిపిన ఫ్యూచర్ రిటైల్ కేసు మీ పాఠకులు కొందరికి గుర్తుండొచ్చు. 2017లో ఒక విభాగాన్ని విడదీస్తున్నట్టు ప్రకటించే ముందు ప్రమోటర్ల వైపువాళ్లు షేర్లు కొన్నారని, 2021 ఫిబ్రవరిలో సెబీ ఆ కంపెనీ అధినేత కిశోర్ బియానీని ఏడాదిపాటు మార్కెట్‌కు దూరంగా ఉండమంది. 2023 డిసెంబర్‌లో, సెబీ ఉత్తర్వులపై అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వును కొట్టేసింది. విడదీసే సంగతి ముందే వార్తల్లో వచ్చింది, కాబట్టి అది రహస్యం కాదన్నది. తీర్పును తప్పుపట్టేంత చదువు నాకు లేదు. కానీ అక్కడే నాకొక ముల్లు గుచ్చుకుంది. వార్తల్లో వచ్చిందంటే ఎవరు చదివే వార్తల్లో? ఇంగ్లీషు బిజినెస్ చానెల్‌లో కింద పరుగెత్తిన లైను మా సేటుకు కూడా తెలిసినట్టేనా? చట్టం లెక్కలో తెలిసినట్టే. ఆ డైరెక్టరు అమ్మకం కూడా అంతే, అందరికీ తెలిసినట్టే లెక్క. సేటుకు తప్ప.

మీ పత్రికను నేను అడిగేది ఇదే. మిర్యాలగూడ ధాన్యం, నల్లగొండ బత్తాయి, మహబూబ్‌నగర్ వేరుశనగ రేట్లకు చోటిచ్చే పేజీలోనే వారానికొకసారి ఇంకో చిన్న పట్టిక వేయండి. హైదరాబాద్‌లో ఆఫీసులుండి, షేర్లు మార్కెట్‌లో ఉన్న (లిస్టెడ్) కంపెనీలవీ, మన ఊళ్లలో దుకాణాలున్న వాటివీ చాలు. ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు, ముందెంత, తర్వాతెంత. ఎట్లా అన్నది మాత్రం వదిలేయొద్దు. కొడుకుకు కానుకగా రాసిచ్చిందీ, బ్యాంకులో తాకట్టు పెట్టిందీ, మార్కెట్‌లో అమ్మిందీ ఒకటి కావు. ఎక్స్ఛేంజ్ సైట్‌లో ఆ గడి ఉంది, దాన్నే తెలుగులో పెడితే చాలు. లేకపోతే కూతురి పెళ్లికి నాలుగు షేర్లు అమ్మినవాణ్ని కూడా జనం దొంగను చేస్తారు. డైరెక్టరు కొన్నాడని గుడ్డిగా కొనేవాళ్లూ ఉంటారు. వాళ్లను మీరూ ఆపలేరు, నేనూ ఆపలేను.

చోటు లేదంటారేమో. సినిమా పేజీ జోలికి నేను రాను. వారఫలాల్లో ఒక అంగుళం తగ్గించండి. సోమవారం వేస్తే మంచిది. శని, ఆదివారాలు మార్కెట్ ఉండదు, వారం లెక్క అప్పటికి తేలుతుంది. పైగా సోమవారం పొద్దున షట్టర్ ఎత్తగానే మా సేటు మొదట తిప్పేది ఆ రేట్ల పేజీయే.

— ఒక పాఠకుడు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా