మౌసీకి, మా పిల్లని కాపాడిన అందరికీ

పిల్ల నిన్న రాత్రి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. తొడలో రెండు కడ్డీలు, మంచం పక్కన వాకరు. ఇప్పుడే పడుకుంది. పదకొండు రోజులుగా నాకు నిద్ర లేదు, రాతలో తప్పులుంటే మన్నించండి. ఇవాళ రాయకపోతే ఇంక రాయలేనని కూర్చున్నాను.

మా ఆయన, అత్తమ్మ, పాతపట్నం నుంచి రోజూ కేరేజీ పట్టుకొచ్చిన మా తమ్ముడు... వాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది మౌసీ గురించి.

మాది ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి దగ్గర ఊరు. మోహన వైపు నుంచి వచ్చి నరసన్నపేట దగ్గర పెద్ద హైవేలో కలిసే రోడ్డు పిల్లల బడి గేటు ముందు నుంచే పోతుంది. గేటుకి ఎదర చింతచెట్టు కింద జామకాయలు, ఉసిరికాయలు, రేగుపళ్ళు అమ్ముకునే సవర గిరిజన ఆవిడ ఉంది. పొద్దున్నే కొండ దిగి వస్తుంది. పిల్లలంతా మౌసీ అంటారు, ఒడియాలో పిన్ని అని. పేరు రాయొద్దంది, రాయను. మూడేళ్ళుగా బడి వదిలే వేళకి గంప అక్కడే వదిలేసి, ఎర్ర గామ్చా, అంటే తువ్వాలు, పైకెత్తి పట్టుకుని రోడ్డు మధ్యకి వెళ్తుంది. లారీలు ఆగుతాయి. ఆఖరి పిల్ల దాటాక గంప దగ్గరికి తిరిగొస్తుంది. ఆవిడకి బేరమంతా బడి వదిలిన ఆ పది నిమిషాల్లోనే. ఆ పది నిమిషాలూ గంప దగ్గర మనిషి ఉండదు. ఈ సంగతి నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు. ఆవిడని ఆ పనికి ఎవరో పెట్టారనీ, ఎంతో కొంత ఇస్తున్నారనీ అనుకున్నాను. ఎవరూ పెట్టలేదు, ఎవరూ రూపాయి ఇవ్వలేదు.

ఆ రోజు కూడా లారీ ఆగింది. ఆగిన లారీ పక్కనుంచి మోటారుసైకిలు దూసుకొచ్చింది. మధ్యన లారీ అడ్డం, అతనికి పిల్లలు కనపడరు, పిల్లలకి అతను కనపడడు. మౌసీ మా పిల్ల జబ్బ పట్టి వెనక్కి లాగింది. తలకి తగలాల్సింది కాలికి తగిలిందని చూసినవాళ్ళు చెప్పారు. మౌసీ మణికట్టు విరిగింది.

విరిగిన చేత్తోనే ఆటోలో పిల్లని ఒళ్ళో పెట్టుకుని దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ ఆవిడ చెయ్యి చూసినవాళ్ళు లేరు. పేరేంటి, ఊరేంటి, పోలీసులొచ్చేదాకా కదలకు అని గోడవార నిలబెట్టారు. దెబ్బ తగిలినవాళ్ళని తెచ్చినవాళ్ళకి రక్షణగా 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను చేర్చారు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదని 2020లో నియమాలూ ఇచ్చారు. నేను వెళ్ళేసరికి ఆవిడ ఇంకా అలాగే నిలబడి ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం. పిల్లని శ్రీకాకుళం మార్చాం, ఆపరేషనయింది. వరండాలో కూర్చుని ఉంటే, కట్టుకట్టిన చెయ్యి మెడకి వేలాడేసుకుని మౌసీ వస్తోంది. రెండు బస్సులు మారి వచ్చిందట. రెండో చేతిలో కవరు, అందులో మా పిల్ల టిఫిన్ బాక్సు. రోడ్డు మీద పడి సొట్టపోయింది. శుభ్రంగా తోమి, ఆరబెట్టి, మూత పెట్టి తెచ్చింది. "ఝియొ కెమితి అఛి?" అంది, పిల్ల ఎలా ఉందని. మెతుకులు ఎండిపోతే వాసనొస్తుంది కదా, అందుకే తోమానని వచ్చీరాని తెలుగులో చెప్పింది. చెయ్యి ఇంకాస్త ముందు ఎత్తాల్సింది, తప్పయిపోయిందని కూడా అంది.

థియేటరు తలుపు మూసినప్పుడు నేను ఏడవలేదు. కాగితాల మీద సంతకాలు పెట్టినప్పుడూ ఏడవలేదు. ఆ బాక్సు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. ఒంటి చేత్తో ఎలా తోమిందో ఇప్పటికీ ఊహకి అందడం లేదు.

మౌసీ చెయ్యి బాగయ్యేదాకా అక్కడ ఎవరు నిలబడాలని మా ఆయన, ఇంకో నలుగురు తండ్రులు తిరిగారు. బడిలో అడిగితే ఆ ఖర్చుకి పద్దు లేదన్నారు. ఒక ఆఫీసులో అది జాతీయ రహదారి, మాది కాదన్నారు. ఇంకో ఆఫీసులో బోర్డులూ గీతలూ అయితే మావి, మనుషులు మావి కాదన్నారు. పోనీ స్పీడు బ్రేకరు వేయమంటే, జాతీయ రహదారి మీద వేయకూడదన్నారు. ఆ నియమం నిజమే. కానీ బ్రేకరూ లేక, మనిషీ లేకపోతే పిల్లలు ఎలా దాటాలి? రోడ్డు డిజైనులో లోపం వల్ల ప్రాణం పోతే బాధ్యులకి లక్ష రూపాయల దాకా జరిమానా అని అదే 2019 సవరణలో ఉంది. ప్రాణం పోయాక లెక్క ఉంది, పోకముందు జెండా పట్టుకునే మనిషికి లెక్క లేదు.

తల్లిదండ్రులే తలా ఇంత వేసుకుందామని ఒకాయన అన్నారు. మంచి మనసుతోనే అన్నారు, నేను ఒప్పుకోను. ఉన్నవాళ్ళ పిల్లలు వ్యానులో గేటు లోపల దిగుతారు. నడిచి రోడ్డు దాటేది కూలివాళ్ళ పిల్లలు. చందా వాళ్ళ నెత్తిన పడుతుంది. ఫ్లోరిడాలో ఉన్న మా మరిది కొడుకు చెప్పాడు, అక్కడ పార్కింగు జరిమానా మీద కొంత అదనంగా వేసి ఇలా బడి దగ్గర దాటించేవాళ్ళకి ఖర్చుపెట్టే వీలు చట్టంలోనే ఉందట. ఇక్కడా వేగంగా పోయిన బండి కట్టిన చలానాలోంచి ఇవ్వొచ్చు కదా. మౌసీకి ఇవ్వండి. దయగా కాదు, జీతంగా.

నేను డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. బస్సు ఛార్జీ కూడా తీసుకోలేదు.

సోమవారం నుంచి అమ్మలం వంతులు వేసుకున్నాం. మొదటి రోజు నాది. గామ్చా మౌసీదే, ఇచ్చి పంపింది.

అయ్యో, రక్తం ఇచ్చిన ఇద్దరు కాలేజీ అబ్బాయిల్ని మర్చిపోయాను. బాబూ, మీ పేర్లు రాసుకున్న కాగితం పోయింది, ఇది చూస్తే ఫోను చెయ్యండి. రాత్రుళ్ళు దిండు సర్దిన నర్సమ్మకి, మౌసీ గంప మూడు రోజులు తన కొట్లో దాచిన టీ కొట్టు అన్నకి, నోట్సు రాసి పంపిన క్లాసు టీచరుగారికి నమస్కారాలు.

ఆటో అన్నా, నీ సీటంతా పాడయింది. కడిగించుకున్న డబ్బులైనా తీసుకోకుండా వెళ్ళిపోయావు. ఒకసారి ఇంటికి రా.