వార్షిక నివేదిక 2024–25: పోలీసు వ్యవస్థలో ఎల్‌జీబీటీ వ్యక్తుల హక్కులకై మన సంఘం కృషి

గౌరవ సభ్యులకు నమస్కారం.

కాకినాడ, అమలాపురం, భీమవరం ప్రాంతాల సభ్యులు ఈ ఏడాది మన దృష్టికి తెచ్చిన సమస్యల్లో పింఛను, రేషన్ కార్డు వంటివి గ్రామ, వార్డు సచివాలయాల్లోనే చాలావరకు తేలిపోయాయి. తేలకుండా మిగిలినవి ఎక్కువగా పోలీసు స్టేషన్లకు సంబంధించినవే. అందువల్ల కార్యవర్గం రెండు విషయాలను కలిపి చేపట్టింది. ఒకటి, ఫిర్యాదుతో వెళ్లే మనవారికి, అంటే స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు వంటి ఎల్‌జీబీటీ వారికి, స్టేషన్‌లో దక్కవలసిన మర్యాద. రెండోది, ఖాకీ దుస్తులు వేసుకోవాలని కోరుకునే మనవారికి దక్కవలసిన అవకాశం. ఇవి వేర్వేరు పనులని కొందరు సభ్యులు అభిప్రాయపడ్డారు. అయితే మనవారు సహోద్యోగులుగా పక్క కుర్చీలో కూర్చున్నప్పుడే స్టేషన్ తీరు నిలకడగా మారుతుందని కార్యవర్గం నమ్ముతోంది.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు తమ జెండర్‌ను తామే నిర్ణయించుకునే హక్కుందన్న 2014 నాటి సుప్రీంకోర్టు నల్సా తీర్పు, వయోజనుల మధ్య పరస్పర ఇష్టంతో ఉండే స్వలింగ సంబంధాలకు భారతీయ శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ వర్తించదన్న 2018 నాటి నవతేజ్ సింగ్ జోహర్ తీర్పు సభ్యులకు తెలిసినవే. ఈ ఏడాది మనల్ని ఎక్కువ కలవరపెట్టింది ఆ శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత. అందులో జెండర్ నిర్వచనంలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను చేర్చారు. కాని ఇష్టం లేకుండా జరిగే చర్యలకు 2018 తరువాత కూడా వర్తిస్తూ వచ్చిన పాత 377వ సెక్షన్‌ను పూర్తిగా తీసివేయడంతో, పురుషులపై గాని, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులపై గాని జరిగే లైంగిక దాడికి ప్రత్యేకంగా వర్తించే సెక్షన్ లేకుండా పోయింది. అత్యాచారాన్ని నిర్వచించే 63వ సెక్షన్ బాధితురాలు స్త్రీ అయినప్పుడే వర్తిస్తుంది. ఇక మిగిలింది 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టంలోని 18వ సెక్షన్. దాని కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లు మాత్రమే. స్త్రీపై అత్యాచారానికి కనీస శిక్షే పదేళ్లు. ఇంత తేడాను ఏ న్యాయంతోనూ సమర్థించలేం. చట్టం మార్చడం పార్లమెంటు పని కనుక మన ప్రాంత పార్లమెంటు సభ్యులకు వినతిపత్రాలు పంపాం. ఈలోగా ఫిర్యాదుదారు వెంట వెళ్లే మన వాలంటీర్లకు 18వ సెక్షన్‌తో పాటు గాయపరచడం, బెదిరించడం, నిర్బంధించడం వంటి నేరాల సెక్షన్లను, సంఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు నమోదు చేయించుకునే జీరో ఎఫ్‌ఐఆర్ హక్కును వివరించే శిక్షణ ఇచ్చాం.

ఇల్లు విడిచి, నచ్చిన తోడుతో బతకాలనుకున్న వయోజనులపై కుటుంబాలు పెట్టే ‘కనబడుట లేదు’ కేసులు మరో పెద్ద సమస్య. ఇద్దరు యువతులు తమ ఇష్టంతోనే వచ్చామని చెబుతున్నా, వారిని పుట్టింటివారికి అప్పగించి పంపేద్దామనే ధోరణి మన ప్రాంతంలోని ఒక స్టేషన్‌లో ఎదురైంది. ఇటువంటి కేసుల్లో ఆ వ్యక్తి ఇష్టాన్ని నేరుగా తెలుసుకోవాలని, కౌన్సెలింగ్ పేరుతో వారి స్వభావాన్ని మార్చే ప్రయత్నం చేయకూడదని 2024 మార్చి 11న దేవు జి. నాయర్ కేసులో సుప్రీంకోర్టు న్యాయస్థానాలకు మార్గదర్శకాలిచ్చింది. వాటి సారాంశాన్ని తెలుగులో ముద్రించి స్టేషన్లకు అందజేశాం. ఓపికగా చదివి, సందేహాలు అడిగి తెలుసుకున్న ఎస్సైలు, మహిళా కానిస్టేబుళ్లు ఉన్నారు. వారికి సంఘం కృతజ్ఞతలు తెలియజేస్తోంది.

ఒక స్వలింగ జంట పోలీసు వేధింపుల నుంచి రక్షణ కోరిన సుష్మ కేసులో మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఆదేశాల తరువాత తమిళనాడు ప్రభుత్వం 2022లో పోలీసుల ప్రవర్తనా నియమావళిని సవరించి, ఎల్‌జీబీటీ వ్యక్తులను వేధించరాదని స్పష్టంగా చేర్చింది. మన రాష్ట్రంలోనూ అటువంటి నియమం తేవాలని, 2020 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కలెక్టర్ ఆధ్వర్యంలో ప్రతి జిల్లాలో ఉండవలసిన ట్రాన్స్‌జెండర్ రక్షణ విభాగం మన డెల్టా జిల్లాలన్నిటిలో క్రమం తప్పక సమావేశం కావాలని సోమవారం ఫిర్యాదుల పరిష్కార వేదికలో అర్జీలు ఇచ్చాం.

నియామకాల విషయంలో మనకు ఆదర్శాలు లేకపోలేదు. కోర్టుకెక్కి ఎస్సై ఉద్యోగం సాధించిన తమిళనాడు ట్రాన్స్‌జెండర్ మహిళ పృథికా యాషిని, 2021లో ఛత్తీస్‌గఢ్ పోలీసు శాఖకు ఎంపికైన 13 మంది ట్రాన్స్‌జెండర్ కానిస్టేబుళ్లు దారి చూపారు. హైదరాబాద్ ట్రాఫిక్ విభాగంలోకి 2024 డిసెంబరులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను తీసుకోవడం సంతోషకరమే అయినా, అవి సహాయకుల పోస్టులు. మనం అడుగుతున్నది పూర్తి స్థాయి పోలీసు ఉద్యోగం.

స్వలింగ ప్రేమికులైన పోలీసు సిబ్బంది పరిస్థితి ఇంకా క్లిష్టమైనది. ఉద్యోగంలో వివక్షను నిషేధించే 2019 చట్టంలోని 9వ సెక్షన్ ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకే వర్తిస్తుంది గనుక, వీరు రాజ్యాంగంలోని సమానత్వ హక్కులనే ఆశ్రయించాలి. అటువంటి వారిలో కొందరు మనతో మాట్లాడుతున్నారు. వారి ఊరు, హోదా, విభాగం ఈ నివేదికలో రాయడం లేదు. సర్వసభ్య సమావేశంలోనూ ఎవరూ వాటిని అడగవద్దని మనవి.

రానున్న నియామకాలకు సిద్ధమవుతున్న యువ సభ్యులు నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా, ట్రాన్స్‌జెండర్ గుర్తింపు ధ్రువపత్రానికి, అందుకోసం ఉన్న జాతీయ పోర్టల్‌లో ఇప్పుడే దరఖాస్తు చేసుకోవాలి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు ఉంటే పత్రాల పరిశీలన దగ్గర అభ్యర్థిత్వం చిక్కుల్లో పడుతుంది. ఆ సవరణలు కావలసినవారు తమ ప్రాంత కార్యవర్గ సభ్యులను కలిస్తే, అర్జీ రాయడం నుంచి కొత్త పత్రం చేతికి వచ్చేవరకు సంఘం తోడుంటుంది.