అడవి అంచు గ్రామాల వెదురు, బంక గ్రామసభలకే అప్పగించండి: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి నమస్కారం.

నల్లమల అంచున, అచ్చంపేట ప్రాంతంలో ఉంటున్నవాడిగా ఈ లేఖ రాస్తున్నాను. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో కోర్ ప్రాంతానికి (పులుల కోసం ప్రత్యేకించిన లోపలి అడవికి) వెలుపల అచ్చంపేట, లింగాల, కొల్లాపూర్, చందంపేట వైపు అడవిని ఆనుకొని ఉన్న చెంచు పెంటలకు (గూడేలకు), తండాలకు, ఇతర గ్రామాలకు సామూహిక అటవీ వనరుల హక్కు పత్రాలను గ్రామసభల పేరిటే ఇప్పించాలని, వెదురు, బంక, తేనె, తునికాకు ఎంత తీయాలో, ఎవరికి అమ్మాలో ఆ సభలనే తేల్చుకోనివ్వాలని నా విన్నపం. కోర్‌లో చెట్టు మీద గొడ్డలి పడకూడదన్న నియమాన్ని నేను ప్రశ్నించడం లేదు.

ఇది కొత్త కోరిక కాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, దాని మీద యాజమాన్య హక్కును అడవిబిడ్డలకే ఇచ్చింది. 2012లో నిబంధనలను సవరించినప్పుడు రవాణా పర్మిట్లు ఇచ్చే అధికారం కూడా గ్రామసభ వేసుకున్న కమిటీకే దఖలు పడింది. అయినా మన దగ్గర అటవీ హక్కు అంటే పోడు పట్టా అనే స్థిరపడిపోయింది. 2023 జూన్ 30న మొదలైన పంపిణీలో దాదాపు 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాల పట్టాలు ఇచ్చారు, మంచి పనే. కానీ పట్టా ఒక కుటుంబం దున్నుకునే చెలకకు సంబంధించినది, దాని గట్టు దాటితే ఉన్న అడవి మీద ఊరి మాట ఎంతవరకు చెల్లుతుందో అది చెప్పదు. ఉమ్మడి రాష్ట్రంలో ఇచ్చిన సామూహిక పత్రాలు కూడా చాలావరకు అటవీ శాఖ ఏర్పాటు చేసిన వన సంరక్షణ సమితుల పేరిట వెళ్లాయి. చట్టం పేర్కొన్నది గ్రామసభను.

కంపెనీ చేతిలో అడవి ఏమవుతుందో చూడాలంటే పాపువా న్యూ గినీ ఉంది. ఆ దేశంలో నేల దాదాపు 97 శాతం తెగల ఉమ్మడి ఆస్తి. అయినా వ్యవసాయ లీజుల పేరిట 50 లక్షల హెక్టార్లకు పైగా, అదీ 99 ఏళ్ల వరకు గడువుతో, తెగల చేయి దాటిపోయింది; పంటలు వేస్తామన్న చోట దుంగలు ఓడలెక్కాయి. 2011లో వేసిన విచారణ కమిషన్ ఆ లీజుల్లో అత్యధికం యజమానుల నిజమైన సమ్మతి లేకుండానే జరిగాయని తేల్చింది. అదే దేశంలో కొన్ని గ్రామాలు ఎత్తుకెళ్లగలిగే చిన్న రంపపు యంత్రాలతో, ఎంచుకున్న కొద్ది చెట్లను పడ్డచోటే పలకలుగా కోసి అమ్ముకున్నాయి. అక్కడిది వర్షారణ్యం, మనది ఆకురాల్చే ఎండు అడవి. అయితే నరికినవాడు రేపు కూడా అక్కడే బతకాలా, లేక లారీ నింపుకొని వెళ్లిపోతాడా అన్నది రెండు చోట్లా తేడా తెచ్చే విషయం.

ముళ్ల వెదురు పొద దగ్గర నిలబడితే ఆ తేడా కళ్లకు కడుతుంది. పొద మొదట్లో అల్లుకున్న ముళ్ల కంప నరికేవాడికి అడ్డమే, కానీ వానాకాలంలో లేచే లేత కొమ్ములను పశువుల నోటికి అందకుండా కాచేది ఆ కంపే. కర్ణాటకలోని ఉత్తర కన్నడలో ఒక కాగితపు మిల్లుకు 1958లో టన్ను వెదురును రూపాయిన్నరకు కట్టబెట్టారు. తర్వాత అక్కడి వెదురును పరిశీలించిన శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్, పని సులువు కోసం కంపను కొట్టేసిన చోట కొమ్ములు పశువుల పాలై పొదలు క్షీణించాయని గమనించారు. ఆ సంగతి ఊళ్లో పశువులు కాసేవారికి ముందే తెలుసు. తపసి చెట్టు బంకదీ ఇదే కథ. గొడ్డలితో లోతుగా గాటు పెడితే ఆ ఏడు బంక ఎక్కువే కారుతుంది, చెట్టు మాత్రం ఎండిపోతుంది. వచ్చే ఏడు అదే చెట్టు దగ్గరికి రావలసినవాడు గాటును పైపైనే పెడతాడు.

ప్రాణహితకు ఆవల, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే గోండు గ్రామం 2009లో సామూహిక హక్కు పత్రం పొందింది. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ స్వయంగా వెళ్లి, వెదురు రవాణా పాసు పుస్తకాన్ని గ్రామసభకు అందజేశారు. హక్కు పత్రం వచ్చాక కూడా పాసు కోసం 2011 దాకా ఎందుకు ఆగవలసి వచ్చిందో అటవీ అధికారులే చెప్పాలి.

గ్రామాలకు వదిలేస్తే వాళ్లే నరికి అమ్ముకుంటారన్న అనుమానం కార్యాలయాల్లో తరచూ వినిపిస్తుంది. దురాశాపరులు ఏ ఊళ్లోనైనా ఉంటారు. అందుకే అధికారం ఒక పెద్దమనిషికి కాక సభకు ఉండాలంటున్నాను. 2019లో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు ఇక్కడి చెంచులు, రైతులు రోడ్డెక్కారు. ఆ సెప్టెంబరులో శాసనసభ కూడా తవ్వకాలు వద్దని తీర్మానించింది. అప్పుడు అడవికి కాపలాదారులుగా అక్కరకొచ్చిన మనుషులు వెదురు లెక్క రాసుకోవడానికి ఎందుకు పనికిరారు?

వచ్చే వానలకు ముందే ఈ గ్రామాల్లో సభలు జరిపించండి. అటవీ, రెవెన్యూ, గిరిజన సంక్షేమ శాఖల సిబ్బంది ఊరివాళ్లతో కలిసి హద్దులు నడిచి పటం గీయాలి. సమితుల పేరిట ఉన్న పాత పత్రాలను రద్దు చేసి గ్రామసభల పేరిట తిరిగి రాయాలి. ఏ వయసు వెదురును నరకాలో, ఏ పొదకు విశ్రాంతి ఇవ్వాలో సభ నిర్ణయించి రిజిస్టరులో రాస్తే, మీ రేంజ్ అధికారి ఏడాదికోసారి దాన్ని సరిచూడవచ్చు. అటవీ ఉత్పత్తులు కొనే గిరిజన సహకార సంస్థ (జీసీసీ) ముందుగా ధర ప్రకటించి, తూకం వేసిన చోటే డబ్బు చెల్లించాలి. అంతకంటే మంచి ధర బయట దొరికితే అక్కడ అమ్ముకునే స్వేచ్ఛ సభకు ఉండాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా