జట్టు లేని చోటికే కొత్త జట్టు

సంపాదకులకు నమస్కారం.

ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ పోటీ ఎన్‌ఆర్‌ఎల్‌లో 2027లో పెర్త్ బేర్స్, 2028లో పపువా న్యూగినీ జట్టు చేరుతున్నాయన్న వార్తను మీ క్రీడా పేజీలో చిన్నగా వేశారు. దాంతో 17 జట్లు 19 అవుతాయి. ఇరవయ్యోది ఎవరికివ్వాలన్నదే ఇప్పుడక్కడ చర్చ. నేను సర్వీసంతా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పిల్లలకు కబడ్డీ నేర్పినవాణ్ణి. మా అబ్బాయి పెర్త్‌లో గనుల కంపెనీలో ఇంజినీరు. వాడి దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఈ ఆట చూసి చూసి ఇష్టం పెరిగింది. అందుకే ఈ ఉత్తరం.

కబడ్డీ తెలిసినవాళ్లకు ఈ ఆట అర్థం కావడానికి ఎంతోసేపు పట్టదు. జట్టుకు 13 మంది. బంతి పట్టుకుని దూసుకొచ్చేవాడి తొడలు ఒకడు వాటేసుకుంటాడు, ఇంకొకడు ఛాతీ మీద బరువంతా వేస్తాడు, మూడోవాడు వచ్చి పడేస్తాడు. పడినవాడు లేచి, బంతిని నేలమీద పెట్టి, కాలితో వెనక్కి నెట్టి తనవాడికి అందించాలి. అలా ఆరుసార్లు పట్టుబడితే బంతి అవతలివాళ్లది. ఎదుటివాడి నడుము కిందికి వంగి పట్టు వేసే తీరు చూస్తే మన కార్నర్ ఆటగాళ్లే గుర్తొస్తారు.

2025 జూన్‌లో పెర్త్‌లో జరిగిన స్టేట్ ఆఫ్ ఆరిజిన్ (రెండు రాష్ట్రాల జట్ల మధ్య ఏటా జరిగే పోటీ) మ్యాచ్‌కు మా అబ్బాయి తీసుకెళ్లాడు. క్వీన్స్‌లాండ్ 26–24తో న్యూసౌత్‌వేల్స్ మీద గెలిచింది. ఆ రెండు రాష్ట్రాలూ పెర్త్‌కు వేల కిలోమీటర్ల అవతల ఉన్నాయి. అయినా 60 వేల మంది పట్టే స్టేడియం దాదాపు నిండిపోయింది. అలాంటి ఊరికి సొంత జట్టు లేకపోవడం నాకు చాలా బాధనిపించింది.

నిజానికి పెర్త్‌కు ఒకప్పుడు జట్టుండేది. 1995లో పోటీని 16 జట్ల నుంచి 20కి పెంచినప్పుడు వెస్టర్న్ రెడ్స్ పేరుతో వచ్చింది. సిడ్నీ నుంచి ఆడటానికొచ్చే జట్ల విమాన ఖర్చులు కూడా పెర్త్ వాళ్లే పెట్టుకోవాలన్నారు. కొత్తగా కాపురం పెట్టినవాళ్ల మీద వచ్చేపోయే చుట్టాల ఛార్జీలు కూడా వేసినట్టయింది. దానికి తోడు సూపర్ లీగ్ అని పోటీగా ఇంకో లీగ్ పెట్టిన గొడవలో ఆటే రెండుగా చీలింది. 1997తో ఆ జట్టు మూతపడింది. అదే ఏడు మొదలైన అడిలైడ్ జట్టు రెండు సీజన్లకే పోయింది. ఆ ఊరికి ఇప్పటికీ జట్టు లేదు.

అదే 1995లో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని టౌన్స్‌విల్‌లో నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్ కూడా మొదలైంది. అది మహానగరం కాదు, రాష్ట్ర రాజధాని బ్రిస్బేన్‌కు చాలా దూరం. 2004 వరకు ఆ జట్టు ఫైనల్స్ దశకే చేరలేదు. అయినా దాన్ని తీసెయ్యలేదు. 2015లో బ్రిస్బేన్ బ్రాంకోస్‌ను 17–16తో ఓడించి కప్పు కొట్టింది. తొమ్మిదేళ్లు ఓపిక పట్టకపోయి ఉంటే ఆ కప్పెక్కడిది? జట్టు ఇచ్చేవాళ్లు మొదట రాసుకోవాల్సిన షరతు ఇదే: కనీసం పదేళ్లు ఫలితం అడగకూడదు.

పపువా న్యూగినీ విషయంలో నాకు అనుమానమే లేదు. ఆ దేశానికి రగ్బీ లీగే ప్రాణం. ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్లకు 60 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు ఇస్తోంది. అందులో రాజకీయం ఉంటే ఉండనీ, ఆడే పిల్లలకు మేలే.

ఇక ఇరవయ్యో జట్టు. బ్రిస్బేన్ పక్కనున్న ఇప్స్‌విచ్‌కు ఇవ్వాలనేవాళ్లు ఉన్నారు. ఆ చుట్టుపక్కల బ్రాంకోస్, డాల్ఫిన్స్, టైటాన్స్ అని ఇప్పటికే మూడున్నాయి. సిడ్నీ, దాని పక్క ప్రాంతాలు కలిపి తొమ్మిది. న్యూజిలాండ్ దేశం మొత్తానికి మాత్రం ఆక్లాండ్‌లోని వారియర్స్ ఒక్కటే, అదీ ఉత్తర ద్వీపంలో. దక్షిణ ద్వీపం కుర్రాడు ఈ ఆటలో పైకి రావాలంటే సముద్రం దాటాలి. ఆ ద్వీపంలోని క్రైస్ట్‌చర్చ్‌లో 2011 భూకంపానికి పాత స్టేడియం దెబ్బతింటే, ఇప్పుడు పైకప్పుతో 30 వేల సీట్ల కొత్తది కట్టుకున్నారు. నన్నడిగితే ఇరవయ్యో జట్టు అక్కడికే వెళ్లాలి. అది 15 మంది ఆడే రగ్బీ యూనియన్ అడ్డా కదా అంటారు. మెల్‌బోర్న్ కూడా ఆస్ట్రేలియన్ రూల్స్ అనే వేరే ఫుట్‌బాల్ ఊరే. అక్కడ 1998లో మొదలైన స్టార్మ్ రెండో ఏడాదే కప్పు గెలిచింది. వెనకాల గట్టి డబ్బుంది, మంచి ఆటగాళ్లను తెచ్చుకుంది. క్రైస్ట్‌చర్చ్‌కూ ఆ అండ ఇవ్వాలి.

మన కబడ్డీకీ ఇదే వర్తిస్తుంది. ప్రో కబడ్డీ 2014లో 8 జట్లతో మొదలై, 2017లో 12కు పెరిగింది. రెండు తెలుగు రాష్ట్రాలకూ తెలుగు టైటాన్స్ ఒక్కటే. దాని మ్యాచ్‌లు హైదరాబాద్‌లో, కాకుంటే విశాఖలో. గుంతకల్లు నుంచి విశాఖ వెళ్లాలంటే రాత్రంతా రైల్లోనే. దానికంటే బెంగళూరు దగ్గర. అందుకే సాయంత్రం కోర్టులో నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీసి కూతకు దిగే మా పిల్లల్లో సగం మంది బెంగళూరు బుల్స్ బొమ్మ ఉన్న బనీన్లే వేసుకుంటారు. వాళ్లనేమీ అనలేం.

2024 సెప్టెంబరులో అనంతపురంలో దులీప్ ట్రోఫీ జరిగితే జనం ఎలా తరలివచ్చారో మీరే రాశారు. కబడ్డీ తెచ్చినా వస్తారు. లీగ్‌లో మళ్లీ జట్లు పెంచితే ఒకటి రాయలసీమ పేరుతో అనంతపురంలో పెట్టాలి. అప్పటిదాకా టైటాన్స్ మ్యాచ్‌లు ఒక వారమైనా ఇక్కడ ఆడించాలి. అందుకు మ్యాట్ పరచగల, ఐదారు వేల మంది కూర్చోగల ఇండోర్ స్టేడియం కావాలి. జిల్లా ఎమ్మెల్యేలను, ఎంపీలను ఈ సంగతి అడిగి, వాళ్లేమన్నారో మీ జిల్లా పేజీలో వేయవలసిందిగా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
గుంతకల్లు, అనంతపురం జిల్లా