బుజ్జి ఇంటర్న్‌షిప్ గురించి నాన్నకి

మినియాపొలిస్,
జనవరి 18, ఆదివారం

నాన్నా, అమ్మా,

మొన్న ఫోన్‌లో నేను సరిగా మాట్లాడలేకపోయాను. ఆఫీసు నుంచి నడిచి వస్తున్నాను, బయట మైనస్ ఇరవై ఉంది, చేతి తొడుగు తీసి ఫోన్ పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయి, మీరేమో బుజ్జి మీద బాగా కోపంగా ఉన్నారు. అందుకే ఇవాళ కూర్చుని రాస్తున్నాను. ఉత్తరమైతే మీరు చివరిదాకా చదువుతారు, నచ్చని చోట ఆగి ఇంకోసారి చదువుతారు, ఆ సంగతి నాకు తెలుసు.

"క్లాసులో అందరూ కంప్యూటర్ ఇంటర్న్‌షిప్ తీసుకుంటుంటే ఇదొక్కతే పుస్తకాలు వేసేవాళ్ల దగ్గర కూర్చుంటానంటోంది, రేపు దీనికి ఎవరు ఉద్యోగం ఇస్తారు" అన్నారు మీరు. మీ భయం నాకు అర్థమైంది. నేను ఎం.ఏ. ఇంగ్లీషుకి ఇక్కడికి వస్తానన్నప్పుడు కూడా మీరు ఇదే మాట అన్నారు, అయినా డబ్బు సర్ది పంపారు. కానీ నాన్నా, ఈ విషయంలో నేను బుజ్జి వైపే ఉన్నాను. ఎందుకో చెబుతాను.

మన ఆంధ్రలో డిగ్రీలో ఇప్పుడు మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. మొదటి ఏడాది అయ్యాక వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్, అది పోయిన ఏడాది ఊళ్లు తిరిగి చేసేసింది. రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు, మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం, ఇవి రెండూ మిగిలాయి. అంటే ఇంకా ఎనిమిది నెలలు. దీన్ని చాలామంది పిల్లలు డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకుని, రోజూ చేసిన పని రాయాల్సిన లాగ్‌బుక్ ఒక రాత్రిలో నింపేసి గట్టెక్కేస్తున్నారని బుజ్జే చెప్పింది. తను అలా చేయనంటోంది, నిజంగా పని నేర్చుకుంటానంటోంది. ఇరవై ఏళ్ల పిల్ల ఆ మాట అంటే మనం సంతోషించాలి కదా నాన్నా.

ఇంతకీ కథలంటే ఇష్టపడే పిల్లలకి ఇంటర్న్‌షిప్‌లో ఏం నేర్పుతారు అని అడిగారు. నాకు జరిగింది చెబుతాను, నేను మీకు ఇంతవరకూ చెప్పనివి కూడా ఇందులో ఉన్నాయి.

ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది, క్లాసులు జరిగే రోజుల్లో మాలాంటి విద్యార్థి వీసా వాళ్లు క్యాంపస్‌లోనే, అదీ వారానికి 20 గంటలే పనిచేయాలి. నేను యూనివర్సిటీ సాహిత్య పత్రికలో చేరాను. అక్కడ పని చదవడమే. దేశం నలుమూలల నుంచీ ఎవరూ అడగకుండానే పంపే కథలు, కవితలు కుప్పలుగా వచ్చి పడతాయి. ఇప్పుడవి కాగితాల మీద రావు, సబ్మిటబుల్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో వరుసగా కనిపిస్తాయి. ఒక్కో కథ చదివి తీసుకోవాలో వద్దో రాయాలి. నేను మొదటి వారం ముప్ఫై కథలకి "బాగుంది", "బాగాలేదు" అని రాసి ఇచ్చాను. ఎడిటర్ నన్ను పిలిచి కూర్చోబెట్టి ఒకటే అడిగారు: ఈ కథ ఏ పేజీలో నీ చేతి నుంచి జారిపోయింది? నాకు జవాబు రాలేదు. చిన్నప్పటి నుంచీ అన్ని పుస్తకాలు చదివాను, మన ఇంట్లో అటక మీదవన్నీ చదివాను, కానీ నేను ఎక్కడ నమ్మడం మానేశానో, ఎక్కడ విసుగొచ్చిందో, ఎక్కడ ఊపిరి బిగబట్టానో గమనించుకుంటూ ఎప్పుడూ చదవలేదు. తర్వాత ఏడాదంతా నేర్చుకున్నది అదే. ఒక కథకి ఒక పేజీ రిపోర్టు: కథ ఏం చేయాలనుకుంది, ఎంతవరకూ చేసింది, ఎక్కడ తడబడింది, మన పత్రికకి సరిపోతుందా. రాసినవాడు ఆ రిపోర్టు చూడడు, అయినా అతను ఎదురుగా కూర్చున్నట్టే మర్యాదగా రాయాలి. ఈ పని ఏ క్లాసులోనూ నేర్పలేదు.

ఇంతవరకూ చెప్పనిది ఇప్పుడు చెబుతాను. రెండో వేసవిలో నేను ఒక పత్రికలో జీతం లేని ఇంటర్న్‌షిప్ చేశాను. పేరు రాయను. మీకేమో స్టైపెండ్ ఇస్తున్నారని చెప్పాను, అది అబద్ధం. మూడు నెలలు పార్సిళ్లు కట్టి, చిరునామాలు అంటించి, పోస్టాఫీసుకి మోశాను, ఒక్క రాతప్రతి కూడా నా చేతికి ఇవ్వలేదు. ఇంటి అద్దెకి అమ్మ ఇచ్చిన డబ్బు వాడుకున్నాను. అమ్మా, ఆ గాజుల డబ్బులు అయిపోయింది అక్కడే. ఇక్కడ చట్టం ప్రకారం లాభం కోసం నడిచే సంస్థ జీతం ఇవ్వకుండా ఇంటర్న్‌ని పెట్టుకుంటే, ఆ పని వల్ల ఎక్కువ మేలు ఎవరికి, నేర్చుకునేవాళ్లకా సంస్థకా అని చూస్తారు, 2018 నుంచి కార్మిక శాఖ పాటిస్తున్న పద్ధతి అది. నాకు ఆ సంగతే తెలియదు అప్పుడు. తెలిసినా అడిగేదాన్ని కాదేమో, వీసా ఏమవుతుందోనని అంత టెన్షన్ ఉండేది. అందుకే బుజ్జికి చెబుతున్నాను, ఎక్కడ చేరినా మొదటి రోజే రెండు ప్రశ్నలు అడగమని: నా చేతికి ఏ పని ఇస్తారు, నేను చేసింది ఎవరు చూసి దిద్దుతారు. దిద్దేవాళ్లు లేని చోట చేరవద్దు, జీతం ఇచ్చినా సరే.

ఆ తర్వాత దొరికింది మంచి చోటు, ఒక చిన్న ప్రచురణ సంస్థ, ఇక్కడే. మినియాపొలిస్ పుస్తకాల ఊరు నాన్నా. గ్రేవుల్ఫ్, మిల్క్‌వీడ్, కాఫీ హౌస్ అని లాభాపేక్ష లేని ప్రచురణ సంస్థలు మూడు ఈ ఒక్క ఊళ్లో ఉన్నాయి, మూడూ దేశమంతటా పేరున్నవే. నేను చేరిన చోట గంటకి ఇంత అని జీతం ఇచ్చారు, యూనివర్సిటీ నుంచి ముందే సీపీటీ, అంటే చదువులో భాగంగా బయట పనిచేసే అనుమతి, తెచ్చుకున్నాను కాబట్టి వీసా ఇబ్బంది లేదు. పొద్దున్నే వచ్చిన రాతప్రతులు చదవడం, మధ్యాహ్నం ప్రూఫులు దిద్దడం, సాయంత్రం వెనక అట్ట మీద వేసే నాలుగు వాక్యాలు రాయడం. ఆ నాలుగు వాక్యాలకి ఒక్కోసారి రెండు రోజులు పట్టేది, కథ చెప్పేయకూడదు, చెప్పకుండా ఊరించకూడదు, లేని గొప్ప రాయకూడదు.

అక్కడ ఒకరోజు ఒక అనువాద నవల రెండో ప్రూఫు చూస్తున్నాను. టైటిల్ పేజీలో అనువాదకురాలి పేరులో ఒక అక్షరం తప్పు పడింది. అప్పటికి నలుగురు చూశారు ఆ పేజీని. నాకు కనబడింది. ఎందుకు కనబడిందో తెలుసా నాన్నా, బాబాయి శుభలేఖ వల్ల. మన వీధి చివర ప్రెస్‌లో వేయించిన కార్డుల్లో పిన్ని వాళ్ల నాన్నగారి పేరు తప్పు పడితే, అందరూ పరవాలేదు పంచేద్దాం అంటే, మీరు మొత్తం కట్ట వెనక్కి పట్టుకెళ్లి, ఎండలో అక్కడే నిలబడి మళ్లీ వేయించారు. నేను మీ సైకిల్ పట్టుకుని నిలబడ్డాను. "పేరు తప్పు వేసి పెళ్లికి పిలిస్తే పిలిచినట్టా" అన్నారు. అప్పటి నుంచీ అచ్చులో పేరు కనబడితే అక్షరం అక్షరం చదువుతాను. ఆ రోజు మా ఎడిటర్ మీ గురించి అడిగి తెలుసుకున్నారు. కాబట్టి ఈ పిచ్చి మాకు ఎక్కడి నుంచి వచ్చిందో మీరే ఆలోచించండి.

డబ్బు సంగతి దాచను. ఈ రంగంలో జీతాలు తక్కువ. కంప్యూటర్ చదివిన నా స్నేహితులకి చదువయ్యాక పనిచేయడానికి పన్నెండు నెలల పైన ఇంకో 24 నెలలు ఇస్తారు, సాహిత్యం చదివినవాళ్లకి ఆ పన్నెండు నెలలే, అందులో 90 రోజులకి మించి ఖాళీగా ఉండకూడదు. నాకు యూనివర్సిటీ ప్రెస్‌లో ఉద్యోగం దొరికింది కాబట్టి, యూనివర్సిటీలకి హెచ్‌-1బీ ఉద్యోగ వీసా లాటరీ ఉండదు కాబట్టి నిలబడ్డాను. అలాగని బుజ్జిని ఇక్కడికి రమ్మని చెప్పడం లేదు. తను తెలుగులో పనిచేయాలనుకుంటోంది, ఆ పని అక్కడే ఉంది.

ఇక ఇది బుజ్జికి, మీరే చదివి వినిపించండి.

బుజ్జీ, నువ్వు అనుకున్నట్టు "ఇంటర్న్‌షిప్ కలదు" అని బోర్డు పెట్టిన తెలుగు ప్రచురణ సంస్థ కోసం వెతికితే దొరకడం కష్టం. నువ్వే వెళ్లి అడగాలి. హైదరాబాద్‌లో అత్త ఇంట్లో ఉండగలిగితే హిమాయత్‌నగర్‌లో ఓరియంట్ బ్లాక్‌స్వాన్ ఉంది, ఇంగ్లీషు వైపు పని నేర్చుకోవాలంటే అక్కడ అడుగు. తెలుగులో అనువాదాలంటే హైదరాబాద్ బుక్ ట్రస్ట్, 1980 నుంచి పుస్తకాలు వేస్తున్నారు. ఇద్దరికీ రాయి, జవాబు రాకపోతే పది రోజులకి ఇంకోసారి రాయి, మూడోసారి నేరుగా వెళ్లు.

వెళ్లేలోపు ఒక పని నేర్చుకో, యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా తెలుగు సరిగా కనబడే పద్ధతి. మన దగ్గర పేజీలు పెట్టేవాళ్లు చాలామంది ఇంకా పాత పద్ధతి అను ఫాంట్లే వాడుతున్నారు, ఆ ఫైల్‌ని యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు ఎగిరిపోతాయి, అక్షరాలు తారుమారవుతాయి, మళ్లీ మొత్తం దిద్దాలి. ఈబుక్ వేయాలన్నా వెబ్‌లో పెట్టాలన్నా ప్రతి ప్రచురణకర్తకీ ఇదే తలనొప్పి. ఆ ఫైల్ తీసుకుని శుభ్రంగా చేసి ఇవ్వగల మనిషి దొరికితే ఎవరూ వద్దనరు. ఆ పని చేస్తూ చేస్తూ ఎడిటింగ్ దగ్గరికి వెళతావు.

హైదరాబాద్ వద్దని నాన్న అంటే బాధపడకు, మన రాజమండ్రిలోనే ఉంది దారి. కందుకూరి వీరేశలింగం పంతులుగారు వివేకవర్ధని పత్రిక నడిపిన ఊరు మనది. గౌతమీ గ్రంథాలయంలో పాత పుస్తకాలు, పత్రికలు ఎన్ని ఉన్నాయో నీకు తెలుసు. మీ కాలేజీలో మెంటర్ మేడమ్‌తో ఉత్తరం రాయించుకుని అక్కడ కేటలాగు పని అడుగు. ఇంట్లో కూర్చుని తెలుగు వికీసోర్స్‌లో, అదే పాత పుస్తకాలని అందరూ కలిసి ఎక్కించే సైట్‌లో, ప్రూఫులు దిద్దు: ఎడమవైపు పాఠ్యం, కుడివైపు స్కాన్ చేసిన పేజీ, నువ్వు సరిచూస్తే పేజీ పసుపు రంగులోకి వస్తుంది, ఇంకొకరు మళ్లీ సరిచూస్తే ఆకుపచ్చ అవుతుంది. శ, ష, స తేడాలు, బండి ఱ, అరసున్నా, పాత ముద్రణలో విరిగిన వాక్యాలు, అన్నీ కంటికి అలవాటవుతాయి. పైగా నువ్వు ఏ రోజు ఏం దిద్దావో ఆ పేజీ చరిత్రలో నమోదవుతుంది, నీ లాగ్‌బుక్‌కి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి. పిల్లల కథలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్‌లో ఎవరైనా కథని తెలుగు చేయవచ్చు, రెండు మూడు చేసి పెట్టుకో, అడిగినప్పుడు చూపించడానికి.

సొంతంగా రాసే సంగతి. పీఎం-యువ అని కేంద్ర ప్రభుత్వ పథకం ఒకటి ఉంది, నేషనల్ బుక్ ట్రస్ట్ నడుపుతుంది, ముప్ఫై ఏళ్ల లోపువాళ్లకి, తెలుగులోనూ రాయవచ్చు. ఎంపికైతే నెలకి 50,000 రూపాయల చొప్పున ఆరు నెలలు ఇచ్చి పుస్తకం రాయిస్తారు. 2021 నుంచి మూడు విడతలు వచ్చాయి, ప్రతిసారీ అంశం వాళ్లే ఇస్తారు. మళ్లీ ప్రకటన వస్తుందేమో కనిపెట్టుకుని ఉండు, కానీ దానికోసం ఆగకు.

ఎవరికి ఉత్తరం రాసినా "చిన్నప్పటి నుంచి నాకు పుస్తకాలంటే ప్రాణం" అని మొదలుపెట్టవద్దు. అందరూ అదే రాస్తారు, నేను ఇక్కడ వారానికి పది చదువుతున్నాను. వాళ్లు వేసిన పుస్తకం ఒకటి చదివి, అందులో నీకు కనబడ్డ ఒక మంచి విషయం, రెండో ముద్రణలో సరిచేసుకోదగ్గ రెండు అచ్చుతప్పులు పేజీ నంబర్లతో రాయి. గౌరవంగా రాయి. నీ కథ జతచేయకు, వాళ్లు అడిగితే అప్పుడు పంపు. దాని బదులు ఒక పేజీ రిపోర్టు పెట్టు, నేను పైన చెప్పిన పద్ధతిలో. ముందు నాకు పంపించు, ఎర్ర ఇంకుతో దిద్ది పంపుతాను, ఏడవకూడదు.

నాన్నా, ఈ రెండు నెలలు తనని వదలండి. జీతం లేకపోతే రానుపోను ఖర్చులు, అత్తకి ఇవ్వాల్సింది నేను పంపుతాను, తను ఎవరి గాజులూ అడగనక్కర్లేదు. వేసవి అయ్యాక ఆ లాగ్‌బుక్ మీరే చదవండి, అప్పటికీ ఇది దండగ అనిపిస్తే సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ కంప్యూటర్ వైపు తీసుకోమని నేనే చెబుతాను. తనతో కూడా ఈ మాట ఒప్పించాను.

అమ్మా, మోకాలి నొప్పి ఎలా ఉంది, ఆ మాత్రలు మానేయకు. కందిపొడి అయిపోవచ్చింది, ఎవరైనా వస్తుంటే మాత్రమే పంపు, కొరియర్ వద్దు, పచ్చళ్లు కూడా వద్దు.

వచ్చే ఆదివారం మీకు రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేస్తాను, నాకు పొద్దున తొమ్మిదవుతుంది. ఫోన్ ముందు బుజ్జికి ఇవ్వండి. నాన్నా, తప్పు పడ్డ ఆ శుభలేఖ ఒకటి ట్రంకు పెట్టెలో ఉండాలి, మీరు పారేయలేదు నాకు తెలుసు. ఫొటో తీసి పంపండి, మా ఎడిటర్ చూస్తానన్నారు.

మీ
పెద్దమ్మాయి